పాముకాటు లెక్క, జీడీపీ శాతం

మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ బొమ్మ మళ్లీ తిరిగింది. దేశాల పేర్లు ఒకదాని కింద ఒకటి, పక్కన ప్రభుత్వం ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు జీడీపీలో ఎంత శాతమో చూపే రంగు పట్టీలు. పైన యూరప్ దేశాలు, ఎక్కడో అడుగున మనం. డాలస్‌లో ఉన్న మిత్రుడు "సిగ్గుపడాలిరా" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్నవాడు ఊరుకోలేదు. 2013-14లో 1.15 శాతం ఉన్న ప్రభుత్వ ఖర్చు 2021-22కి 1.84 శాతం అయిందని జాతీయ ఆరోగ్య ఖాతాల నుంచి ఒక పట్టిక తెచ్చి పెట్టాడు. సాయంత్రం దాకా కొట్టుకున్నారు. ఇద్దరి అంకెలూ సరైనవే కావడం వల్ల ఎవరూ తగ్గలేదు.

నాది కంపెనీల పద్దులు చూసే పని. ఎవరైనా శాతం చూపిస్తే పైన ఏం కలిపారు, కింద దేంతో భాగించారు అని వెతకడం అలవాటైపోయింది. ఆ అలవాటుతో ఈ గొడవలోకి దిగాక నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. దేశాల ఆరోగ్యాన్ని పోల్చడానికి ఈ శాతం బలహీనమైన కొలత. ఒక ప్రభుత్వం తన జనాన్ని ఎంత పట్టించుకుంటుందో తెలియాలంటే, అక్కడ ఒక మనిషి పోతే ఎందుకు పోయాడో ఎవరైనా రాసుకుంటున్నారా అని చూడాలి. ఆ రాతకయ్యే ఖర్చు ఆరోగ్య బడ్జెట్‌లో అన్నిటికన్నా చిన్నది, మనం అన్నిటికన్నా ఎక్కువగా ఎగ్గొట్టేదీ అదే.

పైన ఏముంది, కింద ఏముంది

2021 ఫిబ్రవరి బడ్జెట్ గుర్తుందా? ఆరోగ్యానికి ఏకంగా 137 శాతం పెంపు అని పెద్దక్షరాల్లో వచ్చింది. 94,452 కోట్ల నుంచి 2,23,846 కోట్లకు. విడదీసి చూస్తే ఆ మొత్తంలో తాగునీరు, పారిశుధ్య శాఖకిచ్చిన 60 వేల కోట్లు ఉన్నాయి, కోవిడ్ టీకాలకు పెట్టిన 35 వేల కోట్లు ఉన్నాయి, పోషకాహారం ఉంది, ఆర్థిక సంఘం గ్రాంట్లున్నాయి. ఆరోగ్య శాఖ సొంత వాటా మాత్రం ముందటేడాది సవరించిన అంచనా కన్నా తగ్గింది.

అప్పట్లో చాలామంది దీన్ని గారడీ అన్నారు. నాకు అంత తేలిగ్గా అనబుద్ధి కాలేదు. నల్గొండలో ఫ్లోరైడ్‌తో వంకర తిరిగిన కాళ్లను చూసినవాళ్లు తాగునీటికి పెట్టిన రూపాయి ఆరోగ్యానికి పెట్టింది కాదని ఎలా అంటారు? నా అభ్యంతరం వేరే. నీళ్లను కలపదలచుకుంటే పాత సంవత్సరాల్లోనూ కలపాలి, పక్క దేశాల లెక్కలోనూ కలపాలి. అంతర్జాతీయ ఆరోగ్య ఖాతాల పద్ధతిలో మామూలు నీటి సరఫరా ఆరోగ్య ఖర్చు కిందికి రాదు. దాంతో విచిత్రం ఏమవుతుందంటే, కిడ్నీ జబ్బు ప్రబలిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కోసం పలాసలో ఆసుపత్రి పెట్టి డయాలసిస్ చేయిస్తే అది ఆరోగ్య ఖర్చు. అదే ఉద్దానానికి వందల కోట్లతో పైపుల్లో మంచినీళ్లు తెస్తే అది గ్రామీణ నీటి సరఫరా. అక్కడి కిడ్నీ జబ్బుకు నీళ్లే కారణమని ఇప్పటికీ తేలలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ లెక్క రాసే తీరు చూడండి. కిడ్నీ పాడయ్యాక పెట్టిన డబ్బే దేశాల పట్టికలో మన స్థానాన్ని పైకి జరుపుతుంది.

ఇది పైన ఉన్న అంకె సంగతి. కింద ఉన్నదీ నిలకడగా ఉండదు. బహుళజాతి కంపెనీలు తమ ఆస్తుల్ని కాగితాల మీద ఐర్లాండ్‌కు మార్చుకోవడంతో 2015లో ఆ దేశపు జీడీపీ ఒక్క ఏడాదిలో దాదాపు పావు వంతు పెరిగింది. అక్కడ ఒక్క నర్సును కూడా తీసేయకుండానే ఆరోగ్య ఖర్చు శాతం పడిపోయింది. చివరికి ఐర్లాండ్ వాళ్లే తమ జీడీపీని తాము నమ్మలేక వేరే కొలత తయారుచేసుకున్నారు. మనకు 2020-21లో ఉల్టా జరిగింది. లాక్‌డౌన్‌తో జీడీపీ కుంగింది కాబట్టి, ఆరోగ్యానికి నిజంగా అదనంగా పెట్టినదానికి తోడు భాగహారం కూడా మనకు కలిసొచ్చింది.

ఇక అమెరికా. మా డాలస్ మిత్రుడికి ఇది చెప్తే మొదట నమ్మలేదు. ఒబామా తెచ్చిన చట్టంతో ఇన్సూరెన్స్ తప్పనిసరి అయ్యాక, 2014 నుంచి సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లో అక్కడి ప్రైవేటు ఇన్సూరెన్స్ ఖర్చును "ప్రభుత్వ, తప్పనిసరి పథకాలు" అనే గంపలో వేశారు. వాడు నెలనెలా జీతంలోంచి కట్టే ప్రీమియం, ఆ పట్టికలో ప్రభుత్వం ముసలివాళ్లకు నడిపే మెడికేర్ పక్కన కూర్చుంది. ఆ దేశం మొత్తం మీద జీడీపీలో 17 శాతానికి పైగా వైద్యానికి పెడుతుంది, సంపన్న దేశాల్లో ఇంకెవరూ పెట్టనంత. 2021లో అక్కడి సగటు ఆయుర్దాయం 76.4 ఏళ్లు.

జేబు ఖర్చు తగ్గిందంటే

శాతం గొడవ నచ్చనివాళ్లు సాధారణంగా ఇంకో కొలత చూపిస్తారు. మొత్తం వైద్య ఖర్చులో జనం సొంత జేబులోంచి కట్టేది ఎంత అని. ఇది మెరుగైన కొలతే, నాకు ఇష్టమైనది కూడా. థాయ్‌లాండ్‌లో 2001-02లో ఆసుపత్రికి వెళ్లినప్పుడు 30 భాట్‌లు మాత్రమే కట్టే పథకం వచ్చాక ఈ వాటా మూడో వంతు నుంచి పదో వంతు దరిదాపులకు దిగింది. మన దగ్గర 2013-14లో 64.2 శాతం ఉన్నది 2021-22కి 39.4 అయిందని ప్రభుత్వం చెప్తోంది. గొప్ప మార్పే.

అయితే మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఎప్పటినుంచో కంట్లో శుక్లాలున్నాయి. ఎప్పుడడిగినా "పంటల తర్వాత చూద్దాంలే అయ్యా" అంటుంది. ఊళ్లో కౌలుకు ఒక ఎకరం ఉంది వాళ్లకు. ఆపరేషన్‌కు డబ్బు అడగరని తెలుసు, కానీ ఆ వారం కూలి పోతుంది, తోడుగా వచ్చే కూతురి కూలీ పోతుంది. ఆవిడ కంటి మీద పెట్టిన జేబు ఖర్చు ఇప్పటికి సున్నా. దేశం లెక్కలో అది మంచి అంకె!

ఇది ఒక్క మనిషి కథ అని కొట్టేయొచ్చు. కానీ జేబు ఖర్చు లెక్కకు ఆధారం ఇంటింటికీ వెళ్లి అడిగే జాతీయ నమూనా సర్వేనే. 2014 విడతలో, గత 15 రోజుల్లో జబ్బు పడ్డామని చెప్పినవాళ్లు పల్లెల్లో 8.9 శాతం, పట్టణాల్లో 11.8 శాతం. 2017-18 విడతలో అవి 6.8, 9.1. దేశం మూడేళ్లలో అంత ఆరోగ్యంగా మారిందా, లేక జబ్బు పడ్డామని చెప్పేవాళ్లు తగ్గారా? ఆసుపత్రికి పోయినవాళ్లు తగ్గితే జేబు ఖర్చూ తగ్గుతుంది కదా అని అప్పుడే కొందరు ఆర్థికవేత్తలు అడిగారు. 2021-22 అంకెకు కూడా పునాది ఆ పాత సర్వేనే, తర్వాతి ఏళ్లకు దాన్ని లెక్క కట్టి పొడిగించారు. మధ్యలో కోవిడ్ రెండో వేవ్ వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ కోసం పొలం తాకట్టు పెట్టిన ఏడాది అది.

జబ్బు గురించి అడిగితే వచ్చే జవాబుతో పేచీ ఎప్పటినుంచో ఉంది. మనుషులు ఎక్కువకాలం బతికే కేరళలోనే "మాకు జబ్బుంది" అని చెప్పేవాళ్లు అందరికన్నా ఎక్కువ, బీహార్‌లో తక్కువ. అడిగి తెలుసుకున్న జబ్బును నమ్మి విధానాలు చేయకండని అమర్త్యసేన్ 2002లోనే రాశాడు. చదువూ, దగ్గర్లో డాక్టరూ ఉన్నచోట జబ్బుకు పేరు దొరుకుతుంది. లేనిచోట అది వయసైపోవడం, లేదా ఒళ్లు నొప్పులు.

పోయినవాళ్ల లెక్క

అందుకే నేను చావు దగ్గరికొచ్చి ఆగాను. ఇక్కడ దాచడం కష్టం, మనిషి ఉన్నాడు లేదా లేడు. ఎందుకు పోయాడన్నది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

2001 తర్వాత మన రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమూ, పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందమూ కలిసి చేసిన పని ఒకటుంది, మిలియన్ డెత్ స్టడీ. సర్వే సిబ్బంది చావు జరిగిన ఇళ్లకు వెళ్లి, ఆ చివరి రోజుల్లో ఏమైందో ఇంటివాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ రాతలు డాక్టర్లు చదివి కారణం తేల్చారు. పాముకాటు కోసం దాదాపు లక్షా 23 వేల చావుల వివరాలు చూస్తే 562 పాముకాట్లు దొరికాయి. దేశం మొత్తానికి లెక్కగడితే 2005లో సుమారు 46 వేల చావులు. ఆసుపత్రుల నుంచి అధికారికంగా వచ్చే లెక్కకు అది 30 రెట్లకు పైగా ఎక్కువ. రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం మనదే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 5,200 మంది.

ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కన్నా కోపం వచ్చింది. వానాకాలంలో పాము కరిచి పోయినవాళ్లు లేని ఊరు మన దగ్గర ఉందా? చేలో నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లినవాడు, కట్టెల మోపులో చెయ్యి పెట్టినామె. ఊరందరికీ తెలుసు. మంత్రం వేసే ఆయన దగ్గరికో, ఆటోలో టౌనుకో తీసుకెళ్తుండగా దారిలోనే పోతారు. ఆసుపత్రి గడప తొక్కలేదు కాబట్టి వాళ్లు లెక్కలో లేరు. లెక్కలో లేరు కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు పెట్టించాలని ఎవరికీ తొందర లేదు. ఆ అధ్యయనం బయటికొచ్చింది 2011లో. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును పట్టించుకోని జబ్బుల జాబితాలో చేర్చింది. 2024లో మన కేంద్ర ప్రభుత్వం దాని మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, పాముకాటు కేసుల్ని తప్పనిసరిగా తెలియజేయాలని రాష్ట్రాలకు చెప్పింది. మెల్లగానే అయినా, డబ్బు ఆ చావుల లెక్క వెనకాల నడిచింది.

ఈ పద్ధతికీ లోటుంది. అదే బృందం మలేరియాతో ఏడాదికి 2 లక్షల మంది పోతున్నారని 2010లో అంటే, 15 వేలే అని చెప్తూ వస్తున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు. జ్వరంతో పోయినవాడి సంగతి భార్యను అడిగితే అది మలేరియానో టైఫాయిడో ఆమె ఎలా చెప్తుంది? పాముకాటైతే చూసినవాళ్లుంటారు. కాబట్టి ఇంటికెళ్లి అడగడం అన్నిటికీ మందు కాదు, డాక్టరు రాసిన కాగితమూ కావాలి.

ఆ కాగితం సంగతి కూడా చెప్పాలి. 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చినవి 22.5 శాతమే. ఆ రాసినవైనా ఎలా ఉంటాయంటే, మా పెదనాన్న పోయినప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో కారణం "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఉంది. ఆయన చాలా ఏళ్లుగా షుగర్ మనిషి, చివర్లో కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. డాక్టరుగా పనిచేసే స్నేహితుణ్ణి అడిగాను, ఇదేంట్రా అని.

"గుండె, ఊపిరి ఆగకుండా పోయినవాణ్ణి ఎక్కడైనా చూశావా?" అన్నాడు.

"మరి అలా రాస్తారేం?"

"నైట్ డ్యూటీలో ఉన్న జూనియర్ రాస్తాడు. వాడికి కేసు షీటు తిరగేసే టైముండదు. ఒక్కోసారి ఇంటివాళ్లే షుగర్ అని రాయకండి సార్, ఇన్సూరెన్స్ వాళ్లు పాత జబ్బంటారు అని బతిమాలతారు. ఇంకేం రాస్తాం?"

ఆ ఫారంలో వెంటనే జరిగింది ఏమిటి, దానికి దారితీసింది ఏమిటి, అసలు మూలం ఏమిటి అని ఒకదాని కింద ఒకటి గళ్లుంటాయి. మూలం రాసే గడి ఖాళీగా పోతే మా పెదనాన్న గుండె జబ్బుల లెక్కలోనో, ఏదీ తేలని లెక్కలోనో పడతాడు, షుగర్ లెక్కలో మాత్రం పడడు. 2023లో జనన మరణ నమోదు చట్టం సవరించి, ఆసుపత్రులు కారణం రాసిన ధ్రువపత్రం ఇవ్వాల్సిందేనని, ఒక కాపీ దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలని పెట్టారు. మంచిదే. ఆ జూనియర్ డాక్టరుకు పది నిమిషాలు ఎవరిస్తారన్నది చట్టంలో ఉండదు.

లెక్కపెట్టినవాడే చెడ్డవాడు

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. నిజాయితీగా లెక్కపెడితే పరువు పోతుంది. 2021 మే నెలాఖరులో పెరూ దేశం తన కోవిడ్ చావుల లెక్కను తానే తిరగరాసుకుంది. 69 వేల దగ్గరున్న అంకె ఒక్కరోజులో లక్షా 80 వేలు దాటింది. జనాభాతో పోలిస్తే ప్రపంచంలోనే అత్యధిక చావులున్న దేశమని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. చావులు ముందురోజు కూడా అన్నే ఉన్నాయి, రాయడమే కొత్త.

మన దగ్గర 2019లో 76.4 లక్షల చావులు నమోదైతే 2020లో 81.2 లక్షలు, 2021లో కోటి 2 లక్షలు. 2021లో కోవిడ్‌తో పోయారని అధికారికంగా చెప్పింది మూడు లక్షల చిల్లర. నమోదు ఏటేటా మెరుగవుతోంది కాబట్టి పెరిగిన 21 లక్షల్నీ కోవిడ్ ఖాతాలో వేయలేం. అంత మాత్రాన ఆ తేడా మాయమైపోదు. రెండేళ్లకూ కలిపి భారత్‌లో 47 లక్షల అదనపు చావులని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేస్తే మన ప్రభుత్వం ఆ పద్ధతే తప్పంది. ఒక దేశానికి తన గురించి వేరేవాళ్లు వేసిన అంచనా తప్పనిపిస్తే సొంత లెక్క బయటపెట్టడం తేలికైన జవాబు. 2021 మరణాల నమోదు నివేదిక బయటికొచ్చింది 2025 మేలో. గొడవ చల్లారాక.

ప్రభుత్వాల వైపు నుంచి చూస్తే నాకు అర్థమవుతుంది. పెరూకు దక్కిన బహుమతి చూశాక ఏ మంత్రి తన అంకె పెంచుకుంటాడు? దేశాల్ని నిలువుగా పేర్చి పైనుంచి కిందికి ర్యాంకులిచ్చే అలవాటు ఉన్నంతకాలం ఇదే జరుగుతుంది. మా గ్రూపులో బొమ్మ పెట్టిన మిత్రుడితో నా తగవు అసలు ఇక్కడే.

మరి శాతం వద్దా?

ఇదంతా గ్రూపులో రాస్తే హైదరాబాద్ మిత్రుడు చప్పట్లు కొట్టాడు. "చూశావా, ఖర్చు శాతంతో పనిలేదు, శ్రీలంక రెండు శాతంతోనే నెట్టుకొచ్చింది" అని. అక్కడే నాకు భయమేసింది. ఈ వాదన ఆర్థిక శాఖ చేతికి దొరికితే ఆరోగ్య శాఖ గొంతు కోస్తుంది.

శ్రీలంకలో ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2 శాతం అటూ ఇటూ ఉంటూ వచ్చిన మాట నిజం. ఆయుర్దాయం మనకన్నా చాలా ముందుంది, ప్రసూతి మరణాలు మనకన్నా బాగా తక్కువ. కానీ దాని వెనక 1926లో కలుతరలో మొదలైన హెల్త్ యూనిట్ ఉంది. ప్రాంతానికో మంత్రసాని ఉద్యోగి, ఆమె దగ్గర ప్రతి గర్భిణి పేరూ ఉంటుంది. బాలింత చనిపోతే ఎందుకు పోయిందో కూర్చుని విచారిస్తారు. దాదాపు వందేళ్లుగా పెట్టుకుంటూ వచ్చిన పెట్టుబడి అది, ఈ ఏడాది శాతంలో కనపడదు. 2022లో ఆ దేశం దగ్గర డాలర్లు అయిపోయినప్పుడు ఆసుపత్రుల్లో మందులు నిండుకుని డాక్టర్లు రోడ్డెక్కారు కూడా. తక్కువ ఖర్చుతో నడిచేది నడిచినంతకాలమే.

మన 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా 2.5 శాతం అంది. 2025 వచ్చి వెళ్లింది. ఆ శాతం కావాలి, నాకందులో అనుమానం లేదు. డాక్టరు లేని పీహెచ్‌సీలో మరణ కారణం రాసేదెవరు? అయితే ఎంత పెట్టామన్నదానితో సంబరం ఆగిపోకూడదు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో 81.5 శాతం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు 15-49 ఏళ్ల మధ్య దేశంలో సగటున 3 శాతముంటే ఆంధ్రలో 9, తెలంగాణలో 8. ఖర్చు పట్టికలో ఈ ఆపరేషన్లన్నీ ఆరోగ్యం మీద పెట్టిన డబ్బే. ఇవి బయటపడింది ఎవరో ఇంటికెళ్లి అడిగినందువల్ల.

నేను అడిగేది చాలా చిన్నది. మన ఊరి సచివాలయాల్లో, సబ్‌సెంటర్లలో ఏఎన్‌ఎంలున్నారు. ఊళ్లో ఎవరు పోయినా వాళ్లకు సాయంత్రానికల్లా తెలుస్తుంది. కర్మలయ్యాక ఇంటికెళ్లి ఏం జరిగిందో అడిగి రాయడం, జిల్లాలో ఒక డాక్టరు వాటిని చదవడం. అంతే. మొన్న ఊరెళ్లినప్పుడు ఈ సంగతి మా ఏఎన్‌ఎం గారితో అంటే ఆవిడ ఫోను తీసి చూపించారు. గర్భిణులకొకటి, టీకాలకొకటి, బీపీ షుగర్లకొకటి, హాజరుకొకటి, తెరంతా యాప్‌లే. "ఇంకో యాప్ అంటే నేను ఉద్యోగం మానేస్తానండీ" అన్నారు. ఆవిడన్నది న్యాయమే. ఈ పని ఆవిడ నెత్తిన పెడితే పాత కాగితాల్లాగే గడులు నింపి పంపుతారు. కొన్ని ఊళ్లకు కలిపి దీనికోసమే ఇంకో మనిషిని పెట్టాలి, జీతమివ్వాలి. 2.5 శాతంలోంచి ముందు ఆ జీతం తీసి పక్కన పెట్టమంటున్నాను.